వీపు మీది గొర్రెపిల్ల

పాప పుట్టాక నాకు నిద్ర ముక్కలుగా వచ్చేది. బొంతలో అతికే గుడ్డపీలికల్లా పొద్దున ఒక ముక్క, మధ్యాహ్నం ఒక ముక్క, పాలిస్తూ గోడకి జారగిలబడి ఒక ముక్క. అన్నీ కలిపి కుట్టుకుంటే ఒక మనిషికి సరిపడా నిద్ర అయ్యేదేమో గాని, కుట్టుకునే తీరిక ఎక్కడిది? అందుకే ఆ కాలమంతా నాకు సగం కలలాగే గుర్తుంది. గుడిలో ఫాదరు జనం వైపు తిరిగిన కాలం అది. తపస్సు కాలం మొదటి ఆదివారం నుంచి క్రీస్తు తిరిగి లేచిన పాస్కా పండగ దాకా, ఏడు వారాలు కూడా లేవు.

మా మామయ్య ఫాదర్లకి పూజ అంగీలు కుట్టేవారు. అందరూ ఆయన్ని అంగీల తాత అనేవారు. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ పక్కన మంచమంత చెక్క చట్రం, దానికి నాలుగు వైపులా లాగి బిగించిన తెల్ల పట్టుగుడ్డ. ఆ చట్రం కింద నీడగా ఉంటుందని పాపని అక్కడే పడుకోబెట్టేదాన్ని. పైన పట్టు, కింద పాప. సూది దిగినప్పుడల్లా బిగువు మీదున్న పట్టు టప్పుమని చిన్న చప్పుడు చేసేది. పాప ఆ చప్పుడుకి ఎంత అలవాటు పడిందంటే, అది ఆగితే లేచి ఏడ్చేది.

పూజ అంగీకి అందమంతా వీపు మీదే. ఈ సంగతి నాకు ఆ ఇంటి కోడలినయ్యాకే తెలిసింది. ఫాదరు జనానికి వీపు పెట్టి, గోడకి ఆనించి కట్టిన బలిపీఠం వైపు తిరిగి పూజ చేస్తారు కాబట్టి, గంటసేపు జనానికి కనపడేది ఆ వీపే. సిలువలూ, ద్రాక్షగుత్తులూ, కిరణాలూ అన్నీ అక్కడే కుట్టేవారు. ముందువైపు ఒక సాదా పట్టీ వేసి వదిలేసేవారు. "ముందు ఆయన సొంతం, వెనక ఊరిది" అనేవారు మామయ్య.

ఆ ఏడు పాస్కా కోసం ఆయన అంగీ వీపు మీద జరీతో, క్రీస్తుకి గుర్తయిన గొర్రెపిల్లని కుడుతున్నారు. జరీని గుడ్డ మీద పరిచి, కంటికి కనపడని పట్టుదారంతో టాకాలు వేసి పట్టించే పని అది. రోజంతా కూర్చుంటే బొటనవేలంత జరుగుతుంది. నాకు మూడో నెలప్పుడు మొదలుపెట్టారు. గొర్రెపిల్లకి తలా మెడా అయ్యేసరికి, నెలలు నిండకుండానే పాప వచ్చేసింది. "నీకంత తొందరేంటే, గొర్రెకి ఇంకా కాళ్ళే రాలేదు" అన్నారు మామయ్య, పాపని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు. ఎత్తుకోవడానికి ఒక్క అరచెయ్యి సరిపోయింది.

మూడు నెలలు దాటినా పాప గుప్పెడే ఉంది. నిద్రలో దాని ఊపిరి ఉందో లేదో తెలిసేది కాదు. చట్రం కింద రాలిన పట్టుపోగు ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టి చూసేదాన్ని. పోగు కదిలితే కూర్చునేదాన్ని. కాసేపటికి మళ్ళీ లేచేదాన్ని. వారానికి రెండు రోజులు మాత్రం ఇంట్లో ఉండే మా ఆయన రైల్లో గార్డు. "నేను రైలుకి జెండా ఊపినన్ని సార్లు నువ్వు పిల్లకి పోగు ఊపుతున్నావు" అని నవ్వేవాడు.

నేను పుట్టింది పోప్‌ని ఒప్పుకోని అవతలి శాఖలో. మా అమ్మావాళ్ళ మందిరంలో గోడకి గడియారం తప్ప ఏమీ ఉండదు. మాటలన్నీ అర్థమవుతాయి, చూడ్డానికే ఏమీ ఉండదు. పెళ్ళయి ఇక్కడికొస్తే చూడ్డానికి బోలెడు, అర్థమయ్యేది మాత్రం సున్నా. అంతా లాటిన్. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించిన దాన్ని, సొంత భాషలో ఎవరైనా ప్రశ్న అడిగినా నాకు నాలుక మడతపడుతుంది. ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. ఆ మాటలు ఎక్కడో పారే నీళ్ళలా వినపడుతుంటే, వీపు మీద జరీ కొవ్వొత్తుల వెలుగులో కదులుతుంటే, చూస్తూ కూర్చోవడం ఎంత హాయిగా ఉండేదో. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

తపస్సు కాలం మొదటి ఆదివారం గుడికి వెళ్ళేసరికి, మెట్లకి ఇవతల వడ్రంగి చేసిన కొత్త బల్ల ఒకటి ఉంది. కొత్తగా వచ్చిన చిన్న ఫాదరు దాని వెనక నిలబడి మా అందరి మొహాల్లోకి చూశారు. నా వెనక బెంచీలో ఎవరో "ఈయనకి సొట్టబుగ్గలున్నాయే" అంది. ఫాదరు చేతులు చాచి, మన భాషలో, ప్రభువు మీతో ఉండాలని అన్నారు. ఎవరూ పలకలేదు. ఇన్నాళ్ళూ ఆ జవాబు చెప్పింది మామయ్యా, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళూ. వాళ్ళకి తెలిసింది లాటిన్ జవాబు. అప్పుడు పక్కామె నన్ను మోచేత్తో పొడిచి, గుడంతా వినపడేలా, "మీ మందిరంలో దీనికి ఏమంటారమ్మా, కాస్త చెప్పు" అంది.

నేను పాప మీద తల వంచుకున్నాను. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో లేచిన చప్పుడయింది. మామయ్య నడవ మధ్యలోంచి, ఎవరి వైపూ చూడకుండా, బయటికి వెళ్ళిపోయారు.

మర్నాడు చిన్న ఫాదరు దుకాణానికి వచ్చారు. నేను చట్రం పక్కనే పాపకి పాలిచ్చి భుజాన వేసుకుని ఉన్నాను.

"తాతా, నిన్న మధ్యలోనే వచ్చేశారట."

"మధ్యలో కాదు ఫాదర్. మీరు బల్ల వేసి నిలబడితే పూజ అయిపోయి భోజనాలు మొదలయ్యాయనుకున్నాను."

ఫాదరు నవ్వారు. మామయ్య నవ్వలేదు. బల్ల సొరుగులోంచి ఒక పత్రిక తీసి, మడత విప్పి, చట్రం అంచు మీద పెట్టారు. అందులో పోప్ గారి పక్కన వరసగా నల్లకోట్లు వేసుకున్న ఆరుగురు.

"వీళ్ళెవరు?"

"అవతలి శాఖల పెద్దలు తాతా. కొత్త పూజ పద్ధతి రాస్తున్నప్పుడు పరిశీలకులుగా పిలిచారు. చూడ్డానికంతే. వాళ్ళకి ఓటు లేదు."

"మా ఇంట్లో వంట చూడ్డానికి పక్కింటివాళ్ళు ఆరుగురు వంటింట్లో నిలబడ్డారనుకోండి. ఉప్పు ఎవరి నాలుక ప్రకారం పడుతుంది?"

"వాళ్ళు గరిటె పట్టుకోలేదు తాతా."

"మొహం చిట్లిస్తే చాలదూ?" మామయ్య వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. "సొంత భాష. బల్ల. జనం వైపు మొహం. అందరూ కలిసి పాటలు. నాలుగొందల ఏళ్ళ కిందట మనల్ని వదిలి వెళ్ళేటప్పుడు వాళ్ళు అడిగినవి ఇవే. అప్పుడు తప్పయినవి ఇప్పుడు ఒప్పెలా అయ్యాయి?"

"వాళ్ళకంటే చాలా ముందు, మొదటి రోజుల్లో, మనవాళ్ళు ఇళ్ళల్లో చేరి, తమకి తెలిసిన భాషలోనే పూజ చేసుకునేవారు. అది వాళ్ళ సొత్తు కాదు తాతా, మనదే. పెట్టెలో అడుగున పడిపోయింది. తీసి దులిపాం."

"దులిపితే దుమ్ము పోవాలి, గుడ్డ చిరగకూడదు. బలి ఇచ్చేవాడు దేవుడి వైపు తిరుగుతాడు. వడ్డించేవాడు జనం వైపు తిరుగుతాడు. మీరు చేసేది ఏది ఫాదర్?"

"రెండూ."

"ఒక్క మనిషి రెండు వైపులకీ తిరగలేడు."

ఫాదరు చట్రం దగ్గరికి జరిగారు. వంగి గొర్రెపిల్లని చూశారు. తల, మెడ, ఉంగరాలు తిరిగిన ఒళ్ళు, మూడు కాళ్ళు అయ్యాయి. నాలుగో కాలు సగంలో ఉంది. "ఎంత బాగుందో. ఇది ముందువైపు ఉంటే అందరికీ కనపడేది కదా" అన్నారు. ఆయన ఊరికే అన్నారు. కాని పాలవాసనా నిద్రమత్తూ కలిసిన నా ఒంటికి ఆ మాట బంకలా అంటుకుంది.

వెళ్తూ వెళ్తూ ఆయన పాప తల నిమిరి, "దీని జ్ఞానస్నానం పాస్కా రోజున పెట్టుకుందామా? కొత్త పద్ధతిలో అడిగేదంతా తల్లిదండ్రుల్నే. జవాబులు నువ్వే చెప్పాలమ్మా" అన్నారు.

నేను నోరు విప్పేలోపే మామయ్య అన్నారు. "నా మనవరాలికి పాత మాటలతోనే నీళ్ళు పోయాలి. ముసలితనానికి వేరే ఊరు వెళ్ళిన పెద్ద ఫాదరుకి ఉత్తరం రాశాను. ఆయన వస్తారు. వచ్చేదాకా ఆగుతాం."

పాప నా భుజం మీద పిట్టంత ఊపిరి తీస్తోంది.

ఆ వారం మా అమ్మ పాపని చూడ్డానికి వచ్చింది. చెప్పులు విడుస్తూనే, "అన్నయ్యగారూ, ఎట్టకేలకి మీరూ మా దారికొచ్చారట" అంది.

"దారి మాదే చెల్లెమ్మా. మధ్యలో దిగిపోయింది మీరు."

"దిగలేదు. మీరు బండి ఆపకపోతే దూకాం."

"దూకినవాళ్ళూ కూర్చున్నవాళ్ళూ ముందు కాఫీ తాగండి. చల్లారితే ఏ శాఖవాళ్ళకీ బాగోదు" అంది అత్తయ్య.

నాకు అమ్మ నా పక్షం మాట్లాడుతుందని ఆశ. గదిలోకి తీసుకెళ్ళి, పాపకి జ్ఞానస్నానం ఆగిపోయిందని చెప్పాను. అమ్మ పాప అరికాలు ముద్దు పెట్టుకుని, "ఆగనీ. మనవాళ్ళలో అయితే పెద్దయ్యి, తెలిసి, తనంతట తను అడిగితేనే కదా ముంచేది. ఈ గుప్పెడు పిల్లకేం తెలుసు?" అంది.

ఇటు పాత మాటలొచ్చేదాకా ఆగమంటారు. అటు పిల్లకి తెలివొచ్చేదాకా ఆగమంటారు. ఇద్దరూ ఆగమనేవాళ్ళే. ఆగడానికి పాప దగ్గర ఎన్ని రోజులున్నాయో ఇద్దరికీ తెలియదు.

అమ్మ వెళ్ళాక వంటింట్లో నేను ఏడుస్తుంటే అత్తయ్య చూసింది. గుడిలో పీఠం మీద పరిచే గుడ్డలు ఉతికి గంజి పెట్టేది ఆవిడే. చేతులు ఎప్పుడూ నాని, తెల్లగా ముడతలు పడి ఉండేవి. ఆ చేత్తోనే నా గడ్డం పట్టుకుంది.

"ప్రాణం మీదికొస్తే ఫాదరు అక్కర్లేదే పిచ్చిదానా. నీళ్ళుంటే చాలు. ఎవరైనా పొయ్యచ్చు. తల మీద పోస్తూ పిత, పుత్ర, పవిత్రాత్మ అని ముగ్గురి పేర్లూ చెప్పాలి, అంతే."

"నేను పోసినా చెల్లుతుందా అత్తయ్యా? నేను అవతలి..."

"నీళ్ళకి అవతలేంటి, ఇవతలేంటి."

ఆ రోజు నుంచి కిటికీ గట్టు మీద ఒక గ్లాసుతో నీళ్ళు పెట్టి, సాసరు మూత వేసేదాన్ని. రోజూ పొద్దున్నే పాతవి పారబోసి కొత్తవి పట్టేదాన్ని. అత్తయ్య నేర్పిన మాటలు పాలిస్తూ మనసులో చదువుకునేదాన్ని. నిద్రలోకి జారితే ఆ మాటలు కూడా జారి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి.

పెద్ద ఫాదరు రాలేదు. "ఇంకో రెండు వారాలు" అన్నారు మామయ్య. ఆ రెండూ అయ్యాక "ఇంకో వారం" అన్నారు. నాలుగో కాలు ముందుకి సాగడం లేదు. పది టాకాలు వేసి, సూది పట్టులో గుచ్చి వదిలేసి, కిటికీలోంచి గుడి వైపు చూస్తూ కూర్చునేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన జరీ కొనడానికి వెళ్ళారు. అత్తయ్య గుడి దగ్గరుంది. ఇల్లంతా ఎండతో నిండి, గాజుసీసాలో ఉన్నట్టుంది. నేను చట్రం ముందు కూర్చుని గొర్రెపిల్లని చూస్తున్నాను. చూస్తుండగా అంతా చాలా తేలికగా తోచింది. ఈ గొర్రెపిల్ల వెనక ఉంది కాబట్టే కదా గొడవ. ముందువైపుకి వస్తే అందరికీ కనపడుతుంది. అందరికీ కనపడితే మామయ్య కోపం పోతుంది. కోపం పోతే పాపకి నీళ్ళు పడతాయి. ఒక గొర్రెపిల్లని వెనక నుంచి ముందుకి నడిపించాలి, అంతేకదా. ఎన్ని లంగాల అంచులు విప్పి మళ్ళీ కుట్టలేదు నేను.

చిన్న కత్తెర తీసుకుని, పూర్తయిన ముందరికాలు దగ్గర మొదలుపెట్టాను. టాకా తెగినప్పుడల్లా జరీ ఉంగరాలు చుట్టుకుని, పాప జుట్టులా, నా ఒళ్ళో పడింది. గిట్ట పోయింది. మోకాలు పోయింది. ఎంతసేపు చేశానో తెలియదు. పాప కదిలితే కిందికి చూశాను.

పాప మొహం నిండా వెలుగు చుక్కలున్నాయి. చీమలబారులా, రెండు వరసలు.

పైకి చూశాను. కాలు ఉన్నచోట పట్టుగుడ్డకి సూదిచిల్లులు. కిటికీ ఎండ వాటిలోంచి కారుతోంది. వేలితో రుద్దాను. గోటితో నొక్కాను. నీళ్ళు అద్దాను. పట్టు పూడలేదు. విప్పిన జరీని సాగదీస్తే నడుము విరిగిన పాములా మెలికలు తిరిగింది గాని సాఫు కాలేదు. ఇది లంగా అంచు కాదని అప్పుడు తెలిసింది.

మామయ్య వచ్చేసరికి నేను అలాగే కూర్చుని ఉన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. చిల్లుల మీద వేలు పెట్టి, గుడ్డివాళ్ళు అక్షరాలు తడిమినట్టు, పైనుంచి కిందికి తడిమారు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మామయ్యా. ముందువైపుకి మారుద్దామని."

ఆయన గొంతు పెంచలేదు. "ఊడదీయడం మీవాళ్ళకి మొదట్నించీ బాగా వచ్చు. మళ్ళీ కుట్టడం ఎవరైనా నేర్పారా అమ్మాయ్?"

పాత దుప్పటి ఒకటి తెచ్చి చట్రం మీద కప్పేశారు.

ఆ తర్వాత వారం పదిరోజులు ఇంట్లో సూది చప్పుడు లేదు. ఆ చప్పుడు లేక పాపకి నిద్ర లేదు. పాపకి లేక నాకు ముక్కలు కూడా లేవు. నేను చట్రం కింద కూర్చుని గోటితో చెక్క మీద టప్, టప్ అని కొట్టేదాన్ని. పాప మోసపోలేదు. అత్తయ్య ఆయనకి ఒక మాట, నాకు ఒక మాట మోసుకుంటూ తిరిగేది. "భోంచేస్తారా అని అడుగుతోంది" అని అటు, "ఆకలి లేదట, అంటే వడ్డించమని" అని ఇటు. పాపకి జలుబు చేసింది. దగ్గు పట్టుకుంది.

ఒక తెల్లవారుజామున, కిటికీ బూడిదరంగులోకి తిరుగుతున్నప్పుడు, దగ్గు ఆగిపోయి మెలకువ వచ్చింది. పాప కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు కిటికీ రంగులో ఉన్నాయి. పోగు పెట్టాను. కదల్లేదు. ఇంకో పోగు పెట్టాను.

గ్లాసు అందుకున్నాను. సాసరు కిందపడి పగిలింది. నీళ్ళు నా మోచేతి మీద ఒలికాయి. "నేను నీకు" అన్నాను. తర్వాత మాట లేదు. అన్ని రోజులు వల్లె వేసిన మాటల్లో ఒక్కటీ లేదు. తల లోపల అంతా తెల్లటి పట్టు.

గుమ్మంలో మామయ్య ఉన్నారు. సాసరు చప్పుడుకి లేచినట్టున్నారు. వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నారు. గ్లాసు నా చేతిలోంచి తీసుకోలేదు. నా మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి, "తండ్రి యొక్కయు" అని మెల్లగా అందించారు. "అను. తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు."

అవి లాటిన్ మాటలు కావు. అత్తయ్య నేర్పిన, ఇక్కడి ఫాదర్ల మాటలు కూడా కావు. మా అమ్మావాళ్ళ మందిరంలో అనే మాటలు.

గ్లాసు వంచేలోపల పాప మొహం ముడుచుకుంది. పొట్ట ఎగిరింది. గొంతులో అడ్డుపడిందేదో దగ్గుతో బయటికొచ్చి, పాప ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. నేను దాన్ని గుండెకి హత్తుకున్నాను. మామయ్య చాలాసేపు నేల మీదే కూర్చుండిపోయారు. తర్వాత సాసరు పెంకులు ఒక్కొక్కటే ఏరి చేతిలో పెట్టుకున్నారు.

పొద్దున్న కాఫీ తాగుతూ, నా వైపు చూడకుండా అన్నారు. "పాస్కా రోజు పిల్లకి ఎన్నింటికి పోస్తారంట నీళ్ళు? కనుక్కో."

అంతే. నేను తల ఊపాను.

ఆయన చట్రం మీద దుప్పటి తీశారు గాని సూది పట్టుకోలేదు. గుడ్డ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. గంజి పెట్టిన గుడ్డల బుట్ట చంకన పెట్టుకుని గుడికి వెళ్తున్న అత్తయ్య గుమ్మంలో ఆగింది.

"ఏంటి, ఎవరు చూస్తారనా దిగులు?"

ఆయన చిల్లుల వైపే చూస్తున్నారు.

"ఆ ఫాదరు ఇప్పుడు వీపు ఎటు పెడుతున్నాడు?"

"గోడకి."

"ఆ గోడకి ఏముంది?"

మామయ్య తల తిప్పి ఆవిడ వైపు చూశారు. గోడకి పాత పీఠం అలాగే ఉంది. దాని నడిమధ్యన దివ్యసత్ప్రసాదం, క్రీస్తు శరీరమని నమ్మే అప్పం, ఉంచే పెట్టె ఉంది. దాని ముందు ఎప్పుడూ ఆరని ఎర్రదీపం ఉంది. వాటిని ఎవరూ కదపలేదు.

"ఇన్నాళ్ళూ ఊరి కోసం కుట్టారు. ఊరికి నాలుగు టాకాలు తప్పినా తెలియదు. ఇకమీదట చూసేది ఆయనొక్కడే" అంది అత్తయ్య, బుట్ట సర్దుకుంటూ. "కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టండి."

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆయన కదల్లేదు. తర్వాత సుద్దముక్క తీసుకుని గుడ్డ మీద వంగారు. చిల్లుల మీద పాత కాలు నిలబడదు కాబట్టి, మోకాలి దగ్గర మడిచి కొత్త కాలు గీశారు. అది అన్ని చిల్లుల్నీ కప్పేసింది. అప్పటిదాకా నిలబడి ఉన్న గొర్రెపిల్ల ఇప్పుడు పడుకోబోతున్నట్టుంది, లేదా లేవబోతున్నట్టుంది.

"అమ్మాయ్, ఇలా రా. నువ్వు ఊడదీసిన కాలు, నువ్వే కుట్టు."

ఆయన జరీ పరిచేవారు, నేను టాకా వేసేదాన్ని. మొదటి రోజు మూడు సార్లు విప్పించారు. రెండో రోజు ఒకసారి. సగంలో ఉన్న నాలుగో కాలు రాత్రిళ్ళు ఆయనొక్కరే పూర్తి చేశారు. పాప కింద నిద్రపోయింది. టప్, టప్. మూడో రోజు సూది తనంతట తనే దిగుతున్నట్టుంది, నేను దాని వెనక నడుస్తున్నట్టుంది. ఆ మత్తులోనే నోరు జారాను.

"నాకు ఆ పాత మాటలే ఇష్టం మామయ్యా. వింటుంటే నిద్రలో ఉన్నట్టుండేది."

ఆయన చెయ్యి ఆగింది. "అర్థమయ్యేవా?"

"లేదు."

ఇంకో జరీ పోగు తుంచి, మైనం రాసి, కాలి మీద పరిచారు.

"నాకూ లేదు" అన్నారు. "నలభై ఏళ్ళు జవాబులు చెప్పాను. ఒక్కటీ తప్పలేదు. ఒక్కదానికీ అర్థం తెలియదు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఆయనకీ వచ్చింది. ఇద్దరం పాప లేస్తుందని నోరు నొక్కుకుని నవ్వాం. నవ్వు తగ్గాక ఆయన జేబులోంచి మడతలు నలిగిన ఉత్తరం తీసి చట్రం మీద పెట్టారు.

"పెద్ద ఫాదరు రాసి మూడు వారాలయింది. నీకు చెప్పలేదు. ఆయన ఇంక ప్రయాణం చెయ్యలేరట. అయినా ఆయన చేతిలోనూ కొత్త పూజ పుస్తకమే. 'అక్షరాలు పెద్దగా ఉన్నాయి, నా కళ్ళకి సుఖంగా ఉంది' అని రాశారు. చూడు, నేను అడిగిందేంటి, ఈయన చెప్పిందేంటి."

మూడు వారాలు. ఆ మూడు వారాల్లోనే ఆ తెల్లవారుజాము కూడా ఉంది. ఆయనకీ ఆ లెక్క తెలుసు. అందుకే ఉత్తరం తీశారు. టాకా వేశాను.

"అలాగని నేను మారిపోయానని ఆ చిన్న ఫాదరుతో అనకు" అన్నారు ఉత్తరం మడుస్తూ. "ఆ ఆరుగురి సంగతి ఇంకా తేలలేదు."

పాస్కా రోజు మా ఆయన జెండాల డ్యూటీ మార్చుకుని వచ్చాడు. మా అమ్మ చివరి బెంచీలో, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోగలిగేలా, అంచు మీద కూర్చుంది. చిన్న ఫాదరు నన్ను చూసి, మన భాషలో, బిడ్డకి ఏం పేరు పెట్టారని అడిగారు. చెప్పాను. బిడ్డ కోసం ఏం అడుగుతున్నారన్నారు. గుడంతా నా నోటి వైపు చూస్తున్నట్టుంది. నాలుక మడతపడింది. చట్రం మీద పాత కాలు పోయినచోట మడిచిన కాలు గుర్తొచ్చింది ఎందుకో. "జ్ఞానస్నానం" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. నీళ్ళు పడితే పాప ఏడవలేదు. పాలనుకుని నోరు తెరిచింది.

తర్వాత పూజ మధ్యలో మాత్రం రాగం అందుకుంది. దాన్ని ఎత్తుకుని పక్కనున్న వస్త్రాల గదిలోకి వెళ్ళాను. ఆ గది గుమ్మంలో మామయ్య నిలబడి ఉన్నారు. బల్లకి ఎదురుగా కూర్చోనని పొద్దున్నే చెప్పేశారు. నన్ను చూసి కాస్త పక్కకి జరిగారు.

ఆ గుమ్మంలోంచి ఫాదరు వీపు కనపడుతుంది. అవతల జనానికి సొట్టబుగ్గలు, సాదా పట్టీ. ఇవతల గొర్రెపిల్ల. ఎర్రదీపం వెలుగు జరీ మీద పడి, ఆయన ఊపిరి తీసినప్పుడల్లా గొర్రెపిల్ల కూడా ఊపిరి తీస్తున్నట్టు కదిలింది. పోగు పెట్టి చూడక్కర్లేకుండానే తెలుస్తోంది. ఆ గుడిలో దాన్ని చూస్తున్నది మేం ముగ్గురమూ, పెట్టెలో ఉన్న ఆయనా.

ప్రభువు మీతో ఉండాలని ఫాదరు అన్నారు. జనం ఈసారి పలికారు, ఒకరి వెనక ఒకరు, మెట్లు దిగుతున్న గుంపులా తడబడుతూ. మామయ్య పెదాలు కూడా కదిలాయి. ఆయన జవాబు లాటిన్‌లోనే ఉంది, అందరికంటే ఒక్క క్షణం వెనక. ఆ రెండు చప్పుళ్ళ మధ్య పాప నిద్రపోయింది.

"కాలు బాగానే కుదిరింది" అన్నారు మామయ్య, గొర్రెపిల్ల మీంచి చూపు తిప్పకుండా.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య కిటికీ గట్టు తుడుస్తోంది. ఆ పొద్దున నేను మార్చి పెట్టిన నీళ్ళగ్లాసు తీసి, "ఇంక దీంతో పనేముంది, పారబొయ్యనా?" అంది.

ఆవిడ చేతిలోంచి తీసుకుని, నిలబడే, గుక్క తిప్పుకోకుండా తాగేశాను. ఎన్నాళ్ళుగానో దాహంగా ఉన్నట్టు అప్పుడు తెలిసింది.